ఎర్రదారం చిరునామా

ఆరా పిన్నికి ఆ పేరు ఎవరు పెట్టారో ఆవిడ కూడా ఆరా తీయలేకపోయింది. లైసెన్సున్న డిటెక్టివ్, యాభై నిండని మనిషి. అయినా మీసం మొలవని కుర్రాళ్ళ దగ్గర నుంచి మనవల్ని ఎత్తుకునే పెద్దవాళ్ళ దాకా అందరికీ పిన్నే. అరవై దాటిన టైలరు మాస్టరుగారు కూడా ఆ మధ్యాహ్నం ఫోనులో, "పిన్నీ, కొంప మునిగింది. వెంటనే రా" అన్నాడు.

మునిగిన కొంప స్కూలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపు. ముందు భాగంలో కౌంటరు, దాని మీద ఒక కంప్యూటరు. వెనక కటింగు గది. పైన మాస్టరుగారి కుటుంబం. నలుగురు ఆడవాళ్ళు టాబ్లెట్లు పట్టుకుని స్కూళ్ళకి వెళ్ళి పిల్లల కొలతలు తీస్తారు. టాబ్లెట్లో నొక్కగానే ఆ కొలతలు ఇంటర్నెట్టులో ఉన్న సర్వర్‌కి చేరతాయి. అక్కడి నుంచి కటింగు గదికి వస్తాయి. రెండు వారాలుగా నలుగురిలో ఇద్దరి కొలతలు రావడం లేదు. వాళ్ళ టాబ్లెట్లు మాత్రం 'చేరింది' అని పచ్చగా టిక్కు పెట్టి మరీ చూపిస్తున్నాయి. ఇప్పుడు స్కూళ్ళకి సెలవులిచ్చేశారు. పిల్లల్ని మళ్ళీ నిలబెట్టి కొలవడానికి పిల్లలే లేరు.

కంప్యూటర్ల పని చూసేది చిన్నల్లుడు. ఊళ్ళో ఇంకో పెద్ద యూనిఫారాల కంపెనీ ఉంది. చిన్నల్లుడే కొలతలు వాళ్ళకి అమ్మేసుకున్నాడని మాస్టరుగారు తేల్చేశాడు. అతని ఫోను లాక్కుని తన జేబులో వేసుకున్నాడు. సాయంత్రం ఆరింటికి పోలీసుస్టేషన్‌కి వెళ్ళి కంప్లయింటు ఇస్తానని ఇల్లంతా వినపడేలా చెప్పాడు. ఆరులోపు ఏదైనా తేల్చగలిగితే తేల్చమని పిన్నిని పిలవడం ఆయనలో మిగిలిన కాస్త ప్రేమకి గుర్తు.

రెండున్నరకి పిన్ని కటింగు గదిలో చిన్నల్లుడి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మధ్యన పొడుగాటి కటింగు బల్ల, దాని మీద సుద్దముక్కలు, కత్తెరలు, సగం పరిచిన నీలం గుడ్డ. అతను రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, పరీక్షలో తప్పిన పిల్లాడిలా కూర్చున్నాడు.

"నా కళ్ళలోకి చూసి చెప్పు బాబూ. అమ్మేశావా?"

"లేదండీ."

"కొంటామని ఎవరైనా వచ్చారా?"

"వచ్చారండీ. పోయిన నెలలో ఆ పెద్ద కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. కుదరదన్నాను."

"మీ మావయ్యగారికి చెప్పావా?"

"చెబితే ఆయనకి బీపీ పెరుగుతుందని చెప్పలేదండీ."

పిన్ని నుదురు కొట్టుకుంది. నేరస్థులతో ఆవిడకి ఎప్పుడూ ఇబ్బంది లేదు, వాళ్ళు అబద్ధాలైనా జాగ్రత్తగా చెబుతారు. మంచివాళ్ళతోనే తలనొప్పి. తమని కాపాడే నిజాన్ని ఎక్కడో మడిచి దాచేసి, అడిగేదాకా బయట పెట్టరు.

"సరే. పొద్దున మీ మావయ్యగారు పిలిపించిన డిటెక్టివ్ కోటుబాబు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, నీకొక రహస్య సర్వర్ ఉందని చెప్పాడట. ఏమిటది?"

"రహస్యం కాదండీ, పాతది. మనకి మొదట ఒక వీపీఎస్ ఉండేది. అది చాలక కొత్త వీపీఎస్‌కి మారాం."

"సర్వర్ అంటే తెలుసు కానీ వీపీఎస్ అంటే నాకు మూడక్షరాలే తెలుసు. కోర్టులో చెప్పినట్టు చెప్పకు. మీ ఆవిడకి చెప్పినట్టు చెప్పు."

"మా ఆవిడకి చెబితే నిద్రపోయిందండీ."

పిన్ని పకపకా నవ్వింది. ఆ నవ్వుకి అతనికీ కాస్త ప్రాణం లేచొచ్చింది. లేచి నిలబడి, బల్ల మీద చరిచాడు.

"ఈ బల్ల ఉంది కదండీ. పొద్దున నలుగురు కట్టర్లు దీని మీదే పని చేస్తారు. ఒకాయన గుడ్డ తాను మొత్తం పరిచేశాడనుకోండి, మిగతా ముగ్గురూ చేతులు ముడుచుకుని చూస్తూ ఉండాలి. షేర్డ్ హోస్టింగ్ అంటే అదీ. ఒకే యంత్రం మీద అందరి సైట్లూ. పక్కవాడికి రద్దీ పెరిగితే మనం నత్తలా నడుస్తాం."

"ఊఁ."

అతను సుద్దముక్క తీసుకుని బల్ల మీద అడ్డంగా గీతలు గీశాడు. "ఇప్పుడు బల్లని భాగాలు చేసి మధ్యలో చెక్కలు బిగించామనుకోండి. ఎవరి భాగంలో వాళ్ళ కత్తెర, వాళ్ళ దీపం, వాళ్ళ తాళంచెవి. బల్ల ఒకటే, కానీ పక్కవాడు ఎంత పరుచుకున్నా నా భాగంలోకి రాలేడు. నా భాగంలో ఏం పెట్టుకోవాలో, ఏం తీసెయ్యాలో నా ఇష్టం. అదీ వీపీఎస్."

"బల్ల మొత్తం నేనే తీసుకుంటే?"

"అది డెడికేటెడ్ సర్వర్. మన పనికి అంత అవసరం లేదండీ."

"బాగా చెప్పావు. ఇందులో నిద్రపోయేదేముంది! మరి నీ భాగం ఎలా ఎంచుకున్నావు?"

చిన్నల్లుడు సుద్ద చేతులు దులుపుకుని నీళ్ళు నమిలాడు. "మొదటిసారి అన్నిటికంటే చవక ఏదో చూసి తీసేసుకున్నానండీ. అదే నా తప్పు. మెమరీ చాల్లేదు. యంత్రమేమో సముద్రాల అవతల ఉంది. ఇక్కడ నొక్కితే అక్కడ కదలడానికి ఒక యుగం. పిల్లల ఫొటోలు కూడా పంపడం మొదలెట్టాక చతికిలపడింది. పైగా అది అన్‌మేనేజ్డ్. అంటే తాళంచెవి మన చేతిలో పెట్టి కంపెనీవాళ్ళు వెళ్ళిపోతారు. చిరుగుపడితే మనమే కుట్టుకోవాలి. బ్యాకప్ కావాలంటే విడిగా అడగాలి. నేను అడగలేదు."

"రెండోసారి?"

"రెండోసారి ముందు కొలతలు తీశానండీ. ఏ వేళలో ఎంతమంది వాడుతున్నారు, ఎంత మెమరీ తింటోంది, ఫొటోలకి ఎంత చోటు కావాలి, అన్నీ చూసుకున్నా. మనకి దగ్గర్లో ఉన్న యంత్రం తీసుకున్నా. రోజూ బ్యాకప్, అది కూడా వేరే చోట దాచేటట్టు. రేపు పని పెరిగితే సర్వర్ మార్చకుండానే పెంచుకోవచ్చా అని అడిగా. అర్ధరాత్రి ఫోన్ చేస్తే మనిషి పలుకుతాడో లేదో, చేసి మరీ చూశా. పలికాడు. తిట్టాడు కానీ పలికాడు."

"అంటే మొదటిసారి కొలతలు తీయకుండానే కట్ చేశావన్నమాట. టైలరింటి అల్లుడివై ఉండి!"

అతను సిగ్గుపడ్డాడు. పిన్నికి అతను నచ్చాడు. కానీ నచ్చడం వేరు, నమ్మడం వేరు. ఆవిడ గొంతు మార్చింది.

"ఆ పాతది ఇప్పుడు నడుస్తోందా, ఆగిపోయిందా?"

"ఆగిపోయే ఉంటుందండీ. రెన్యువల్ ఆపేశాను కదా."

"ఉంటుందా, ఉందా?"

అతను తల గోక్కున్నాడు. "చూడలేదండీ. చూద్దామంటే ల్యాప్‌టాప్ కోటుగారు తీసుకెళ్ళారు, కౌంటరు కంప్యూటరేమో మావయ్యగారు ముట్టుకోవద్దన్నారు. అందులో ఏముందో నాకే తెలీదు. దానికి బ్యాకప్ కూడా లేదు. ఒక్కసారి చెరిగిపోతే ఇక ఎవరూ ఏమీ చూపించలేరు."

సరిగ్గా ఆ మాట దగ్గర చిన్నమ్మాయి టీ పట్టుకుని లోపలికి వచ్చింది. మాస్టరుగారి రెండో కూతురు, అంటే ఇతని భార్య. పిన్నికి ఒక కప్పు అందించింది. మొగుడి వైపు చూడలేదు. ట్రేలో రెండో కప్పు అలాగే ఉండగా గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. గోడ గడియారం మూడు కొట్టింది. చిన్నల్లుడు ఆ వెళ్ళిపోతున్న కప్పు వైపు దీనంగా చూశాడు.

"అలిగిందా?" అంది పిన్ని.

"పొద్దుట్నుంచీ మాట్లాడ్డం లేదండీ."

పిన్ని టీ తాగుతూ మళ్ళీ మొదటి నుంచి అడిగింది. సర్వర్ ఎప్పుడు మార్చావు? కొలతలు రావడం ఎప్పుడు ఆగాయి? ఆ రెండు రోజులూ ఒకటేనా? ఒకటే కాదు. సర్వర్ మారిన కొన్నాళ్ళ దాకా నలుగురి కొలతలూ బాగానే వచ్చాయి. ఆ తర్వాత టాబ్లెట్లలోని యాప్ కొత్తది వేశాక ఇద్దరివి ఆగాయి. ఈ సంగతి విని పిన్ని కప్పు కింద పెట్టింది. మళ్ళీ చెప్పించుకుంది. ఏ యాప్, ఎలా వేశావు, వేశాక అది ఏమడుగుతుంది అంటూ ఎక్కడో దారం కొస దొరికినట్టు లాగుతూనే ఉంది.

నాలుగు దాటాక కోటుబాబు ఊడిపడ్డాడు.

ఎండ మండిపోతున్నా కోటు విప్పని మనిషి అతను. పిన్నిలాగే డిటెక్టివ్. కాకపోతే అతని కార్డు మీద 'అంతర్జాతీయ' అని ఉంటుంది. పొద్దున మాస్టరుగారు ముందుగా పిలిచింది ఇతన్నే. ఇప్పుడు మాస్టరుగారు కూడా అతని వెనకే లోపలికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మెడలో టేపు, మొహంలో చిరాకు.

"పిన్నీ, నువ్వెందుకమ్మా ఇక్కడ? ఇది తప్పిపోయిన పిల్లి కేసు కాదు. సైబర్ నేరం" అన్నాడు కోటుబాబు.

"ఆ పిల్లి నీ కారు బానెట్లోనే దొరికింది బాబూ. మూడు రోజులు నువ్వే దాన్ని తిప్పావు."

మాస్టరుగారికి నవ్వొచ్చింది కానీ మింగేశాడు. కోటుబాబు మొహం ముడుచుకుని కోటు సర్దుకున్నాడు.

"నా కేసు ముగిసింది. కౌంటరు మీది కంప్యూటర్‌లో ఒక మెయిల్ ఉంది. 'మీ సర్వర్ గడువు నెలాఖరుతో ముగుస్తుంది' అని. అంటే ఆ సర్వర్ ఇప్పటికీ నడుస్తోంది. ఇద్దరి కొలతల్ని ఇతను దాంట్లోకి మళ్ళించి అమ్ముకుంటున్నాడు."

"నడుస్తోందా?" అని చిన్నల్లుడు నోరు వెళ్ళబెట్టాడు. "రెన్యువల్ ఆపితే అదే ఆగిపోతుందనుకున్నానే! కట్టిన గడువు తీరేదాకా నడుస్తూనే ఉంటుందని నాకు తట్టలేదు."

"నటన" అన్నాడు కోటుబాబు.

"ల్యాప్‌టాప్ ఏదీ?" అడిగింది పిన్ని.

"సీలు వేసి మా ఆఫీసుకి పంపేశా."

"అందులో ఏముందో చూశావా?"

"సీలు వేశాక చూడకూడదు."

"వేయకముందు?"

"పాస్‌వర్డ్ అడిగింది" అన్నాడు కోటుబాబు, కాస్త తగ్గిన గొంతుతో.

"సరే, ఇది చెప్పు. అమ్ముకునేవాడు నలుగురివీ అమ్ముకోక ఇద్దరివే ఎందుకు మళ్ళించాడు?"

"అనుమానం రాకుండా."

"సగం స్కూళ్ళు మాయమైతే అనుమానం రాదా? నువ్వు దొంగవైతే ఒక్కరోజులో దొరికిపోతావయ్యా."

కోటుబాబు పళ్ళు నూరాడు. పిన్ని అతన్ని వదిలేసి మాస్టరుగారి వైపు తిరిగింది. "నాలుగు టాబ్లెట్లూ తెప్పించండి. కొలతలు తీసేవాళ్ళలో పెద్దావిడ ఉందటగా, ఆవిణ్ణి కూడా."

టాబ్లెట్లు వచ్చి బల్ల మీద వరసగా కూర్చున్నాయి. వాటి వెనకే కొలతలక్క వచ్చింది. ఆ వర్క్‌షాపులో అందరూ ఆవిణ్ణి పిలిచే పేరు అదే. కొంగు బిగించి, జడ గట్టిగా అల్లుకుని, కేకేస్తే తప్పు చేసినట్టు నిలబడే రకం కాదు. తప్పు చేయడం ఆవిడకి చేతకాదని ఆవిడకే గట్టి నమ్మకం.

పిన్ని బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. రెండు టాబ్లెట్లు బోసిగా, పిల్లల జిడ్డు వేళ్ళ గుర్తులతో ఉన్నాయి. మిగతా రెంటికీ ముచ్చటైన గుడ్డ కవర్లు ఉన్నాయి. మిగిలిపోయిన యూనిఫారం గుడ్డతో కుట్టినవి, అంచులకి పైపింగు, మూతకి గుండీ. పిన్ని చిన్నల్లుణ్ణి అడిగింది. "ఏ టాబ్లెట్ల కొలతలు రావడం లేదు?"

అతను వేలు చూపించాడు. కవర్లున్న రెండూ.

"ఇవి ఎవరు కుట్టారు?"

"నేనే" అంది కొలతలక్క, మొహం వెలిగిపోతుండగా. "ఒకటి నాది, ఇంకోటి మా తోడికోడలిది. మిగతా ఇద్దరికీ కూడా కుట్టిస్తానన్నాను. రేపు, ఎల్లుండి అంటూ బద్ధకిస్తారు. గుడ్డ తీసి ఇవ్వడానికి కూడా వాళ్ళకి ఓపిక లేదమ్మా."

పిన్ని గుండీ విప్పి కవరు మూత లోపలి వైపు తిప్పింది. అక్కడ ఎర్రదారంతో అంకెలు కుట్టి ఉన్నాయి. నాలుగు గుంపులు, గుంపుకీ గుంపుకీ మధ్య చుక్క బదులు చిన్న ముడికుట్టు. రెండో కవరు తిప్పింది. అవే అంకెలు, అదే ఎర్రదారం. ఒక్క పోగు కూడా అటూ ఇటూ పోలేదు.

"ఇదేమిటక్కా?"

"అడ్రసు. ఈ టాబ్లెట్టు అప్పుడప్పుడు, ఎక్కడికి పంపాలీ అని అడుగుతుంది. మొదట్లో అల్లుడుగారు ఈ అంకెలు చెప్పారు. కాగితం మీద రాసుకుంటే పోతుంది. చేతి మీద రాసుకుంటే చెమటకి పోతుంది. దారంతో కుడితే ఇంకెక్కడికి పోతుంది?"

"చివరిసారి ఎప్పుడు అడిగింది?"

"అల్లుడుగారు కొత్త యాప్ వేసినప్పుడు అడిగింది. కవరు తిప్పి చూసి కొట్టాను. మా తోడికోడలూ అంతే."

"కొత్త అడ్రసు మెసేజ్ పెట్టాడటగా?"

"పెట్టారు. చదివాను కూడా. అయినా ఫోనులో వచ్చేవి వంద వస్తాయి. నేను కుట్టినదాని కంటే అది ఎక్కువా?"

"మిగతా ఇద్దరూ ఏం చేశారు?"

"వాళ్ళకి కవరెక్కడిది? మెసేజ్ వెతుక్కుని అందులో ఉన్నది కొట్టుకున్నారు."

పిన్ని నవ్వడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత బల్ల పట్టుకుని. చిన్నల్లుడు కవరు లాక్కుని చూసి రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. "ఇవి పాత సర్వర్ అంకెలు! సర్వర్ మార్చినప్పుడు టాబ్లెట్లలో నేనే స్వయంగా కొత్త అడ్రసు పెట్టాను. యాప్ మార్చగానే మళ్ళీ అడిగి ఉంటుంది. అయ్యో, ఇంత సేపు నాకు బుర్ర ఏమైంది!"

"వినండి మాస్టరుగారూ" అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. "బద్ధకస్తుల కొలతలు కొత్త సర్వర్‌కి చేరాయి. శ్రద్ధగా పనిచేసేవాళ్ళ కొలతలు పాత సర్వర్‌కి పోయాయి. అదేమో గడువు తీరక ఇంకా నడుస్తోంది. వచ్చినవన్నీ తీసుకుని, చేరింది అని టిక్కు పెడుతోంది. ఎవరూ ఏదీ అమ్ముకోలేదు. మీ పిల్లల కొలతలన్నీ అక్కడ పదిలంగా ఉన్నాయి."

కొలతలక్క మొహంలో రంగు పోయింది. "అంటే... నా కుట్టు వల్లేనా?"

"నీ కుట్టుకి వంక లేదక్కా. సర్వరే మారింది. అది మారినప్పుడు పాతదానికి తాళం వేయడం ఈ అబ్బాయి మర్చిపోయాడు" అని పిన్ని ఆవిడ భుజం తట్టింది.

మాస్టరుగారు రెండడుగులు ముందుకు వేశాడు. ఆయనకి నమ్మాలని ఉంది. అది మొహంలో తెలిసిపోతూనే ఉంది. "మాటలు బాగానే ఉన్నాయి. నాకు కొలతలు చూపించండి."

"నేనూ అదే చెబుతున్నా" అందుకున్నాడు కోటుబాబు. "ఆ సర్వర్‌లో ఉన్నాయని మొదట చెప్పింది నేనే. అక్కడి నుంచి ఇతను తీసుకోలేదని గ్యారంటీ ఏమిటి?"

"సర్వర్ లోపలికి ఎవరొచ్చినా, ఏ రోజు, ఏ టైముకి వచ్చారో అదే రాసుకుంటుందండీ" అన్నాడు చిన్నల్లుడు. ఆ రోజు మొదటిసారి అతని గొంతు నిటారుగా నిలబడింది. "నేను మార్చిన రోజు తర్వాత ఒక్కసారైనా లోపలికి వెళ్ళి ఉంటే, మీ ఇష్టం వచ్చినట్టు చేయండి."

అందరూ గుంపుగా ముందు కౌంటరు దగ్గరికి నడిచారు. కౌంటరులో చిన్నమ్మాయి నిలబడి గుండీల డబ్బాలు సర్దుతోంది. వీళ్ళని చూసి పక్కకి తప్పుకుంది. చిన్నల్లుడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మెయిల్ తెరవగానే పైన రెండు కొత్త ఉత్తరాలు కనిపించాయి. రెండూ పాత సర్వర్ కంపెనీవే.

మొదటిది, 'మీ ఖాతా పాస్‌వర్డ్ మార్చబడింది.' రెండోది, 'మీ సర్వర్‌ను తొలగించమన్న అభ్యర్థన 3:10కి అందింది. 5:10కి అది శాశ్వతంగా తొలగించబడుతుంది. బ్యాకప్ లేదు.'

గోడ మీద గడియారం ఐదుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. చిన్నల్లుడు పాత పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పు అంది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ తప్పు అంది.

"చూశారా!" కోటుబాబు గాల్లోకి ఎగిరినంత పని చేశాడు. "సాక్ష్యం చెరిపేస్తున్నాడు! ఇంతకంటే ఏం కావాలి మాస్టరుగారూ?"

మాస్టరుగారి మొహం రాయిలా అయిపోయింది. చిన్నల్లుడు మావగారి జేబులో ఉన్న తన ఫోను అడిగి తీసుకుని కంపెనీ నంబరుకి చేశాడు. స్పీకర్లో ఒక యంత్రం తీయగా పలికింది. మీ ఫిర్యాదు మాకు ముఖ్యం, ఒక పని దినంలో జవాబిస్తాం అంది.

"అన్‌మేనేజ్డ్" అన్నాడు అతను ఏడుపు గొంతుతో. "చవగ్గా వస్తుందని తీసుకున్నానుగా."

పిన్ని ఇప్పుడు నవ్వడం లేదు. "కోటుబాబూ, మూడూ పదికి ఈ అబ్బాయి ఎక్కడున్నాడు?"

"నాకేం తెలుసు?"

"నాకు తెలుసు. నా ఎదురుగా, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. రెండున్నర నుంచి ఆ గది దాటలేదు. ఫోను మాస్టరుగారి జేబులో ఉంది. ల్యాప్‌టాప్ నీ ఆఫీసులో ఉంది. దేంతో చెరిపాడు, సుద్దముక్కతోనా?"

"అయితే తోడుదొంగ ఉండాలి."

"ఎవరో ఒకరు ఉన్నారు. అది నిజమే." పిన్ని కౌంటరు మీద చేతులు ఆనించింది. గొంతు తగ్గించి, నెమ్మదిగా మాట్లాడింది. "ఆ ఖాతా పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళయి ఉండాలి. ఇతనికి ఇంకో సర్వర్ ఉందని పొద్దున కోటుబాబు చెబితే విన్నవాళ్ళయి ఉండాలి. చెరిగిపోతే ఎవరూ ఏమీ చూపించలేరన్న మాట కూడా విని ఉండాలి. ఆ మాట ఇతను మూడింటికి అన్నాడు. అప్పుడు ఆ గదిలో నేను, ఇతను, ఒక టీ ట్రే ఉన్నాం."

చిన్నమ్మాయి చేతిలోని గుండీల డబ్బా జారి కింద పడింది. తెల్లగుండీలు నేలంతా దొర్లాయి.

"అమ్మాయీ, ఇంకా టైముంది" అంది పిన్ని. "నీ చేత్తో వేసిన ముడి నువ్వే విప్పాలి. నువ్వు చెరిపేస్తున్నది ఇతని తప్పుని కాదు. ఇతను తప్పు చేయలేదనడానికి ఉన్న ఒక్క ఆధారాన్ని."

చిన్నమ్మాయి గుండీలు తొక్కుకుంటూ పరుగున వచ్చింది. మొగుణ్ణి కుర్చీలోంచి లేపకుండానే అతని భుజం మీదుగా వంగి పాస్‌వర్డ్ కొట్టింది. మొదటిసారి తొందరలో తప్పు కొట్టింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ కొట్టింది. ఖాతా తెరుచుకుంది. 'తొలగింపును రద్దు చేయండి' అన్న బటన్ మీద ఇద్దరి చేతులూ ఒకేసారి పడ్డాయి. తెర ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పాత సర్వర్ పేరు పక్కన 'నడుస్తోంది' అని చూపించింది.

అక్కణ్ణుంచి చిన్నల్లుడి వేళ్ళు ఆగలేదు. సర్వర్ లోపలికి వెళ్ళాడు. తెర మీద కొలతలు దొర్లడం మొదలయ్యాయి. స్కూలు పేరు, తరగతి, ఛాతీ, నడుము, చేతి పొడుగు. ఒకటి పోతే ఒకటి, ఆగకుండా వస్తూనే ఉన్నాయి. కొలతలక్క వేలు పెట్టి, "ఈ పిల్లాడు కొలుస్తుంటే చక్కిలిగిలి అని ఒకటే ఎగిరాడు! ఇదిగో, ఇదిగో, వీడే" అని అరిచింది. ఆ తర్వాత చిన్నల్లుడు రాకపోకల వివరాలు తెరిచాడు. లోపలికి వచ్చిన చివరి మనిషి అతనే, సర్వర్ మార్చిన రోజున. ఆ తర్వాత ఇవాళ్టి దాకా ఎవరూ రాలేదు. ఎవరూ ఏదీ పట్టుకెళ్ళలేదు.

"ముందు ఇవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించు. బ్యాకప్ ఉన్న దాంట్లోకి" అంది పిన్ని.

"ఎక్కిస్తున్నానండీ."

మాస్టరుగారు మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ కాసేపు నిలబడ్డాడు. పంతం ఎక్కువైన మనిషికి క్షమాపణ గొంతులోంచి బయటికి రావడానికి చాలా దూరం. అయినా వచ్చింది. "అల్లుడుగారూ, నోరు జారాను. ఇంట్లో మనిషిని పరాయివాడి కంటే హీనంగా చూశాను. నన్ను మన్నించండి" అన్నాడు. చిన్నల్లుడు లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు. కొలతలక్క ఎందుకో గానీ అందరికంటే గట్టిగా ఏడ్చేసింది.

కోటుబాబు దగ్గి, కోటు గుండీ పెట్టుకున్నాడు. "ఏమైనా, ఆ సర్వర్‌లోనే ఉన్నాయని మొదట చెప్పింది నేనే. అది రికార్డులో ఉండాలి."

"ఉంటుందిలే బాబూ. నువ్వు వెళ్ళి ఆ ల్యాప్‌టాప్ పంపించు. సీలు మాత్రం నీ దగ్గరే ఉంచుకో" అంది పిన్ని. అతను గుండీల మీద కాలు జారబోయి, నిలదొక్కుకుని, బింకంగా బయటికి నడిచాడు. మాస్టరుగారు కొలతలక్కని తీసుకుని కటింగు గదిలోకి వెళ్ళాడు, కొత్త అడ్రసు ఏ రంగు దారంతో కుట్టాలో తేల్చుకోవడానికి.

పిన్ని కూడా సంచీ భుజాన వేసుకుంది. కానీ అడుగు కదల్లేదు. ఎన్ని కేసులు చూసినా ఆవిడకి ఒక బలహీనత ఉంది, మనుషులు ఒకళ్ళతో ఒకళ్ళు అనే చివరి మాట వినకుండా వెళ్ళలేదు.

చిన్నమ్మాయి నేల మీద కూర్చుని గుండీలు ఏరుతోంది. చిన్నల్లుడు కూడా పక్కన కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. తర్వాత అతను గుప్పెడు గుండీలు డబ్బాలో పోస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"అంటే నేను దొంగననే అనుకున్నావా?"

ఆమె గుండీలు ఏరడం ఆపింది. అతని కళ్ళలోకి సూటిగా చూసి చెప్పింది.

"అనుకున్నాను. దొంగవైనా సరే, నువ్వు ఇంట్లోనే ఉండాలనుకున్నాను."